ఇప్పటికిప్పుడు మందు మానలేనంటున్నారు: మీకూ ఇంట్లోవాళ్ళకూ నష్టం తగ్గాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు నలభై దాటింది. వారంలో ఐదు సాయంత్రాలు మందు తీసుకుంటారు, ఒక్కోసారి క్వార్టర్ దాకా వెళుతుంది. ఇంట్లో భార్య, ఎనిమిదేళ్ళ బాబు, నెలల పాప ఉన్నారు. మానేయమని అందరూ అంటున్నా ఇప్పటికిప్పుడు మానే ఉద్దేశం మీకు లేదు. మీకూ వాళ్ళకూ హాని తగ్గేలా తాగడం ఎలాగో చెప్పమన్నారు, ఒకవేళ మానాలనిపిస్తే ఉన్నట్టుండి మానేయవచ్చా అనీ అడిగారు. తాగుడు అలవాటున్నవాళ్ళకు వైద్యం చేసే విభాగంలో చాలా ఏళ్ళుగా డాక్టరుగా పనిచేస్తున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి, వైద్యశాస్త్రం తేల్చినదాన్ని బట్టి వివరంగానే రాస్తాను. ఓపిగ్గా చదవండి.

ముందు దాచకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇంతవరకూ తాగితే ఏమీ కాదు అని హామీ ఇచ్చే కొలత ఏదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ఈ మాట సూటిగానే చెప్పింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, ఆడవాళ్ళలో రొమ్ము, వీటన్నిటి క్యాన్సర్లతోనూ మద్యానికి సంబంధం ఉంది. పక్కన సిగరెట్ కూడా ఉంటే నోటికీ గొంతుకూ వచ్చే ముప్పు రెండూ కూడినంత కాదు, అంతకు మించి పెరుగుతుంది. అయినా మీ ప్రశ్న సరైన ప్రశ్నే. ఎక్కువ తాగేవాళ్ళకు ఎక్కువ ముప్పు, తక్కువ తాగేవాళ్ళకు తక్కువ ముప్పు. పూర్తిగా మానితే తప్ప లాభం లేదనుకుని చాలామంది ఏమీ చేయకుండా అలాగే ఉండిపోతారు. వాళ్ళకంటే సగానికి తగ్గించుకున్నవాళ్ళు చాలా మెరుగైన స్థితిలో ఉంటారు.

మీ చివరి ప్రశ్నకు మొదట జవాబిస్తాను, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించింది. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా? చెమటలు, వికారం, గుండె దడ వచ్చి, కొంచెం మందు పడగానే తగ్గిపోతాయా? తాగని రోజు రాత్రి నిద్ర అస్సలు పట్టదా? గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపించడం, వినిపించడం జరిగిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సొంతంగా, ఒక్క దెబ్బతో మానేయకండి. ఏళ్ళ తరబడి మద్యం మెదడును నెమ్మదింపజేస్తూ ఉంటే, మెదడు దానికి ఎదురు నిలవడానికి తన వేగాన్ని పెంచుకుని ఉంటుంది. మద్యాన్ని హఠాత్తుగా తీసేస్తే ఆ వేగానికి అడ్డు ఉండదు. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, ఆందోళన మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లో. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి జ్వరం, తికమక, ఎక్కడున్నామో తెలియకపోవడం, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం మొదలవుతాయి. డెలీరియం ట్రెమెన్స్ అంటారు దీన్ని. వైద్యం అందకపోతే మనిషి చనిపోయే పరిస్థితి ఇది. 'మానేసినందుకే జబ్బు చేసింది, మళ్ళీ తాగితే సర్దుకుంటుంది' అని ఇంట్లోవాళ్ళు రెండు రోజులు ఆగిపోవడం నేను చూశాను. అలా ఆగకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆసుపత్రిలో దీనికి మంచి వైద్యమే ఉంది. కొన్ని రోజుల పాటు మెదడును శాంతపరిచే మందులు ఇచ్చి, మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. దాంతోపాటు థయమిన్, అంటే విటమిన్ బి1 తప్పనిసరిగా ఇస్తారు. చాలాకాలంగా తాగుతున్నవాళ్ళ ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. నీరసంగా ఉన్నాడని అది ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఒక్కటే ఎక్కిస్తే, తికమక, కళ్ళు సరిగా కదలకపోవడం, నడక తూలడంతో మొదలై జ్ఞాపకశక్తిని శాశ్వతంగా పోగొట్టే జబ్బు రావచ్చు. కాబట్టి ఎక్కడ చేర్చినా 'రోజూ తాగే మనిషండీ, ఇన్ని గంటలైంది తాగి' అని ముందే చెప్పాలి. పరువు పోతుందని దాచే ఆ ఒక్క మాట వల్లే వైద్యం దారి తప్పుతుంది.

మీకు ఈ లక్షణాలేవీ లేకపోతే తగ్గించుకునే దారిలో మీరే నడవవచ్చు. కానీ కొందరికి ఆ దారి అసలు సరిపోదు. గర్భంతో ఉన్నవాళ్ళు, లివర్ గట్టిపడిందని తేలినవాళ్ళు, పాంక్రియాస్ వాచి ఒకసారి ఆసుపత్రిలో చేరినవాళ్ళు, ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్ళు, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నవాళ్ళు పూర్తిగా మానాల్సిందే. చివర చెప్పినవాళ్ళ గురించి ఇంకొంచెం చెప్పాలి. మత్తు బాధను మరిపించడం కొద్దిసేపే. ఆ తర్వాత దిగులును పెంచుతుంది, పైగా ఆ క్షణంలో ఆలోచన లేకుండా ప్రాణం తీసుకునే తెగింపు ఇస్తుంది. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే నిద్రమాత్రలు, పురుగుమందులు అందుబాటులో లేకుండా చేయండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి.

ఇక అసలు విషయం. మద్యం మొదట దెబ్బకొట్టేది కాళ్ళనో మాటనో కాదు, 'ఇక చాలు' అని చెప్పే తెలివిని. మాట తడబడక ముందే, తూలక ముందే నిర్ణయం తీసుకునే శక్తి సన్నగిల్లుతుంది. అందుకే 'ఎంత తాగాలో నాకు తెలుసు, అక్కడికి రాగానే ఆపేస్తా' అన్న మాట మీద ఆధారపడితే పని జరగదు. రెండో గ్లాసు తర్వాత ఆ నిర్ణయం తీసుకునేది మీరు మొదట నమ్మిన మనిషి కాదు. ఎంత, ఎన్నింటి దాకా, ఎక్కడ, ఇంటికి ఎలా వెళ్ళాలి, బండి తాళాలు ఎవరి దగ్గర, ఇంట్లో ఏ మాటలు ఎత్తకూడదు, ఇవన్నీ మొదటి గ్లాసుకు ముందే తేలిపోవాలి. వీలైతే ఇంకొకరికి చెప్పి ఉంచాలి. నేను కింద చెప్పే ప్రతి ఉపాయమూ దీని మీదే నిలబడుతుంది.

కొలత దగ్గర మొదలుపెడదాం. చాలామంది ఇక్కడే మోసపోతారు. గ్లాసులు, సీసాలు లెక్కపెట్టకండి, మద్యం గ్రాములు లెక్కపెట్టండి. ఎన్ని మిల్లీలీటర్లో దాన్ని శాతంతో గుణించి 100తో భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 40 శాతం ఉన్న విస్కీ, బ్రాందీ, రమ్ము ఏదైనా సరే, 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో దాదాపు 9.5 గ్రాములు ఉంటుంది. 150 మిల్లీలీటర్ల వైన్ 12 శాతమైతే 14 గ్రాములు. 650 మిల్లీలీటర్ల పెద్ద బీరు 5 శాతమైతే 25 గ్రాములు దాటుతుంది, అదే 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 41 గ్రాములు. అంటే 'ఇవాళ మందు జోలికి పోలేదు, ఒక్క స్ట్రాంగ్ బీరే' అన్న మనిషి నాలుగు చిన్న పెగ్గులకు పైగా తాగినట్టు. మీ క్వార్టర్, 180 మిల్లీలీటర్లు, 57 గ్రాములు. ఒక కూర్చోవడంలో 60 గ్రాములు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కింద లెక్కిస్తుంది. మీరు ఆ అంచున ఉన్నారు.

వారానికి ఎంత అన్నదానికి దేశాలు తలా ఒక గీత గీశాయి. బ్రిటన్ 2016లో వారానికి 14 యూనిట్లు, అంటే దాదాపు 112 గ్రాములు మించవద్దని, అంత తాగేవాళ్ళు దాన్ని కనీసం మూడు రోజులకు పంచుకోవాలని చెప్పింది. ఆస్ట్రేలియా 2020లో వారానికి 100 గ్రాములు, ఏ ఒక్క రోజూ 40 గ్రాములు దాటవద్దంది. కెనడాలో 2023లో వెలువడిన మార్గదర్శకం ఇంకా కిందికి దిగి, వారానికి రెండు డ్రింకులు, అంటే దాదాపు 27 గ్రాములు, దాటిన దగ్గర్నుంచే ముప్పు పెరుగుతుందని చెప్పింది. ఇవి ప్రమాదం లేని గీతలు కావు, ప్రమాదం మరీ ఎక్కువ కాని గీతలు. ఐదు రోజులూ క్వార్టర్ చొప్పున తాగితే మీ లెక్క వారానికి 285 గ్రాములు. వచ్చే రెండు నెలల్లో దాన్ని 100 గ్రాముల లోపుకు తేవడాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. ఆడవాళ్ళకైతే ఇంకా తక్కువ ఉండాలి. ఒంట్లో నీటిశాతం తక్కువ కాబట్టి అదే కొలతకు రక్తంలో మద్యం మగవాళ్ళకంటే ఎక్కువ చేరుతుంది, లివర్ కూడా త్వరగా దెబ్బతింటుంది.

తగ్గించే దారుల్లో నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసింది, తాగని రోజుల్ని ముందే ఖాయం చేసుకోవడం. రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తానంటే రోజూ మనసుతో బేరం ఆడాల్సి వస్తుంది. సోమ, మంగళ, బుధ, గురువారాలు లేదు అనుకుంటే ఆ నాలుగు రోజులూ బేరమే లేదు. ఆ సాయంత్రాలు తాగే వేళకు వేరే పని పెట్టుకోండి. కోరిక వచ్చినప్పుడు అది అలలా లేచి, సాధారణంగా అరగంట లోపు దానంతటదే పడిపోతుంది. కడుపు నిండా ఉన్నప్పుడు అది ఇంకా బలహీనంగా ఉంటుంది, కాబట్టి ఆ రోజుల్లో రాత్రి భోజనం త్వరగా చేసేయండి. ఇంట్లో సీసా నిల్వ పెట్టకండి. తెచ్చుకునే రోజు తాగాలనుకున్నంతే తెచ్చుకోండి. పెద్ద సీసా తెచ్చి కొంచెం పోసుకుని మూత పెట్టేద్దాం అనుకునేవాళ్ళలో ఆ పని చేయగలిగేవాళ్ళు తక్కువ.

తాగే రోజు కొలిచి పోసుకోండి, చేతి అంచనా వద్దు. అంచనాగా పోస్తే ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. గ్లాసు పూర్తిగా అయ్యేదాకా మళ్ళీ నింపనివ్వకండి. సగంలో ఎవరో 'కొంచెమే' అంటూ పోస్తూ పోతే లెక్క అక్కడే పోతుంది. ఖాళీ కడుపున వద్దు. తిని తాగితే మద్యం రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. మధ్యమధ్యలో ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి. నీళ్ళు మత్తును కరిగించవు, తాగే వేగాన్ని మాత్రం తగ్గిస్తాయి, ఒళ్ళు ఎండిపోకుండా చూస్తాయి. నీట్‌గా కొట్టడం, పందేలు వేసుకుని తాగడం పూర్తిగా మానండి. ఎనర్జీ డ్రింకుల్లో కలుపుకోవడం కూడా ప్రమాదమే. అందులోని కెఫీన్ మగతను కప్పేస్తుంది తప్ప మత్తును తగ్గించదు, ఇంకా తాగగలను అనిపిస్తుంది. నిద్ర కోసం తాగుతున్నానంటారు చాలామంది. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది, నిజమే. కానీ రాత్రి రెండో సగంలో మెలకువలు తెప్పిస్తుంది, కలలొచ్చే దశను తగ్గిస్తుంది. మానిన మొదటి వారం రెండు వారాలు నిద్ర చెడిపోయినట్టే ఉంటుంది, తర్వాత కుదురుకుంటుంది. ఆ వారాల్లో నిద్రమాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి.

బండి విషయంలో ఎలాంటి లెక్కా చెప్పను. తాగితే నడపకూడదు, అంతే. చట్టం గీతలు దేశానికో రకంగా ఉన్నాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల దాకా కొన్నిచోట్ల, చాలాచోట్ల 50, ఇంకొన్నిచోట్ల 20, 30. చూపు, స్పందించే వేగం దెబ్బతినడం ఆ గీతలకంటే ముందే మొదలవుతుంది. ఇంతకంటే తక్కువమంది ఆలోచించేది మర్నాటి పొద్దుటి గురించి. లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల మద్యాన్నే విరగ్గొట్టగలదు. కాఫీ, చన్నీళ్ళ స్నానం, నిమ్మరసం, వాంతి, ఇవేవీ ఆ వేగాన్ని పెంచవు. మీరు రాత్రి పదకొండింటికి క్వార్టర్ ముగించి పడుకుంటే అది పూర్తిగా పోవడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఏడింటికి బాబును బడికి దింపడానికి బండి తీసేటప్పటికి రక్తంలో ఇంకా ఉండవచ్చు. తల తేలికగా ఉందని, స్నానం చేశానని అది పోయినట్టు కాదు. తాగిన రాత్రి తర్వాత పొద్దున బాబును దింపేది ఇంకెవరో ముందురోజే అనుకోండి. తాగినవాడి బండి వెనక ఎక్కడమూ అంతే ప్రమాదం. తాగి చీకట్లో రోడ్డు వెంట నడిచేవాళ్ళూ చనిపోతున్నారు. చెరువులోకీ, కాలువలోకీ, మేడ పిట్టగోడ మీదకీ మాత్రం అస్సలు వెళ్ళవద్దు. సిగరెట్ వెలిగించుకుని మంచం మీద వాలకండి.

ఇప్పుడు ఇంటి గురించి. మీరు 'నాకూ వాళ్ళకూ' అని అడిగారు, ఆ రెండో మాట రాసినందుకు నాకు మీ మీద ఆశ కలిగింది.

అన్నిటికంటే ముందు పాప. తాగిన రాత్రి మీరు పాప పడుకునే మంచం మీద పడుకోకూడదు. ఒక్క పెగ్గే కదా అనుకోకండి. మామూలుగా నిద్రలో కూడా పక్కన బిడ్డ ఉందన్న ఎరుక మనకు ఉంటుంది, మత్తు దాన్ని తీసేస్తుంది. మీద పడడం, దుప్పటి కప్పేయడం, ఊపిరాడకపోవడం జరుగుతాయి. నిద్రలోనే పసిపిల్లలు కారణం తెలియకుండా చనిపోయే ముప్పు కూడా తాగిన పెద్దవాళ్ళ పక్కన పడుకున్నప్పుడు చాలా ఎక్కువ. సోఫాలో పాపను గుండె మీద వేసుకుని కునుకు తీయడం ఇంకా ప్రమాదం. తాగిన సాయంత్రం పాపను ఎత్తుకుని మెట్లు ఎక్కకండి, దిగకండి, స్నానం చేయించకండి. భార్యాభర్తలు ఇద్దరూ తాగే ఇల్లయితే ఒకే రాత్రి ఇద్దరూ తాగకూడదు. ఏ గంటలో బిడ్డకు ఏం అవసరం వస్తుందో తెలియదు కాబట్టి ఒక్కరైనా పూర్తి తెలివితో ఉండాలి. గ్లాసులో మిగిలిన మందు పొద్దుటిదాకా బల్ల మీద వదిలేయకండి. చిన్నపిల్లలు రుచి చూస్తే కొద్ది మోతాదుకే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ వచ్చేంత ప్రమాదం అవుతుంది.

బాబుకు ఎనిమిదేళ్ళు. ఆ వయసు పిల్లలు తండ్రి అడుగుల చప్పుడును బట్టే ఇవాళ ఎలా వచ్చాడో చెప్పేయగలరు. వాడిచేత సోడా తెప్పించకండి, గ్లాసు కడిగించకండి, సరదాకైనా నాలుకకు రాయకండి. తాగినప్పుడు చదువు గురించి నిలదీయకండి, ముద్దు కూడా చేయకండి, ఎందుకంటే రెంటికీ వాడు భయపడతాడు. వాడు పడుకున్న తర్వాత తాగడం నయం. మరీ ముఖ్యంగా, మత్తులో చేసిన వాగ్దానాలు పొద్దున మరిచిపోతే పిల్లలకు మన మాట మీద నమ్మకం పోతుంది. తాగిన వేళ ఏ వాగ్దానమూ చేయకండి.

భార్యతో ఒక ఒప్పందం చేసుకోండి, తాగని పూట కూర్చుని. డబ్బు, అత్తామామలు, పాత గొడవలు, ఈ మూడూ తాగిన రాత్రి ఎవరూ ఎత్తకూడదు. ఆమె ఎత్తినా 'రేపు పొద్దున మాట్లాడదాం' అని మీరు లేచి వేరే గదిలోకి వెళ్ళిపోవాలి, ఆమె వెనక రాకూడదు. ఆమె వద్దన్న రాత్రి దగ్గరకు వెళ్ళకూడదు. నెల మొదట్లోనే ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు ఆమె చేతికి వెళ్ళిపోవాలి, మిగిలినదాంట్లోనే మీ మందు.

ఒక్కసారైనా చేయి లేచిందా? మీరు రాయలేదు, నేను అడగక తప్పదు. లేచి ఉంటే ఈ పెగ్గుల లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఇంట్లో తాగకపోవడం, తాగి ఇంటికి రాకపోవడం ఆ క్షణం నుంచే మొదలుపెట్టాలి. మందు కోపానికి తలుపు తీస్తుంది, కానీ దెబ్బ కొట్టిన బాధ్యత మనిషిదే. తాగే ప్రతివాడూ కొట్టడు. కొట్టేవాడు తాగుడుకీ కోపానికీ రెండిటికీ వైద్యం తీసుకోవాలి. ఇది చదువుతున్నది అలాంటి ఇంట్లోని ఆడవాళ్ళయితే, అతను తాగి ఉన్నప్పుడు వాదించకండి, వంటగది వైపు వెళ్ళకండి, బయటి తలుపుకు దగ్గరగా ఉండండి. ఏ ఇంటికి వెళ్ళాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకుని, కాగితాలు, కొంత డబ్బు, పిల్లల బట్టలు ఒక సంచిలో సిద్ధంగా పెట్టుకోండి. అతను తగ్గించుకుంటానని మాట ఇచ్చినా ఆ సంచి మాత్రం తీసేయకండి.

మందుబిళ్ళల గురించి త్వరగా చెబుతాను. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, ట్రమడాల్ వంటి గట్టి నొప్పి మాత్రలు మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. రోజూ తాగేవాళ్ళకు పారాసిటమాల్ మామూలు వాళ్ళకంటే తక్కువ మోతాదులోనే లివర్‌ను దెబ్బతీయగలదు. తలనొప్పి తగ్గాలని ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్ళు తినకుండా తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, చుట్టుపక్కలవాళ్ళు దాన్ని మత్తనుకుంటారు. టీబీ మందులు వాడుతున్నంతకాలం మద్యం వద్దే వద్దు.

పక్కవాడు తాగి పడిపోతే ఏం చేయాలో తాగే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 'పడుకోనివ్వు, పొద్దుటికి దిగిపోతుంది' అని వదిలేసిన మనుషులు పొద్దుటికి లేవకపోవడం జరుగుతోంది. నిద్రపోయాక కూడా కడుపులో మిగిలిన మద్యం రక్తంలోకి చేరుతూనే ఉంటుంది, అంటే మత్తు ఇంకా పెరుగుతుంది. ఆ స్థితిలో వెల్లకిలా పడుకుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషిని పక్కకు తిప్పండి, పైవైపు మోకాలు ముందుకు మడవండి, చెంప కింద చేయి పెట్టండి, తల కొంచెం వెనక్కి వంచి నోరు నేలవైపు ఉండేలా చూడండి. పక్కనే ఉండండి. పిలిచినా గిల్లినా లేవకపోతే, నిమిషానికి ఎనిమిదిసార్లకంటే తక్కువ ఊపిరి తీస్తుంటే, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటుతుంటే, పెదవులు నీలంగా, ఒళ్ళు చల్లగా ఉంటే, ఫిట్స్ వస్తే, వెంటనే అంబులెన్స్ పిలవండి. వేళ్ళు పెట్టి కక్కించకండి, మజ్జిగ, కాఫీ నోట్లో పోయకండి, చన్నీళ్ళు గుమ్మరించకండి. తాగి కిందపడి తలకు దెబ్బ తగిలినవాడు తర్వాత మగతగా ఉంటే అది మత్తు అని తేల్చేయకండి. తలలో రక్తస్రావం కూడా అలాగే ఉంటుంది, స్కాన్ తీస్తే గానీ తెలియదు.

ఎక్కడ తయారైందో తెలియని సారా, లేబుల్ లేని చవక మందు ముట్టవద్దు. అందులో మిథనాల్ ఉంటే రుచికీ వాసనకూ దొరకదు. తాగినప్పుడు మామూలు మత్తులాగే ఉంటుంది, 12 నుంచి 24 గంటల తర్వాత కడుపునొప్పి, తలనొప్పి, కళ్ళ ముందు పొగమంచులా మసక మొదలవుతాయి. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని కాలుస్తుంది. ఒక్కడికి మసక వచ్చినా ఆ రోజు కలిసి తాగిన వాళ్ళందరూ, ఏమీ లేనివాళ్ళు కూడా, ఆసుపత్రికి పరుగెత్తాలి. వేళకు అందితే విరుగుడు మందులు, డయాలిసిస్‌తో చూపునూ ప్రాణాన్నీ కాపాడవచ్చు.

సొంతంగా తగ్గించుకోవడం కుదరకపోతే మందుల సాయం ఉందని చాలామందికి తెలియదు. నాల్ట్రెక్సోన్ అనే మాత్ర మద్యం ఇచ్చే హాయిని తగ్గిస్తుంది, దాంతో రెండో గ్లాసు కోసం ఆరాటం తగ్గుతుంది. అమెరికాలో 1994 నుంచి దీన్ని తాగుడు సమస్యకు ఆమోదించి వాడుతున్నారు. పూర్తిగా మానకముందు కూడా మొదలుపెట్టవచ్చు. మార్ఫిన్ జాతి నొప్పి మందులు వాడేవాళ్ళకు, లివర్ బాగా చెడినవాళ్ళకు ఇది పనికిరాదు. మానినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టకుండా ఉండడానికి అకాంప్రోసేట్ ఉంది. డైసల్ఫిరామ్ వేరే రకం. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వాడితేనే అది మందు. కొందరు భార్యలు, తల్లులు దిక్కుతోచక దాన్ని తెలియకుండా అన్నంలో కలిపి పెడతారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ దయచేసి ఆ పని చేయకండి. తెలియక తాగిన మనిషి ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఇవాళ్టి నుంచి రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రోజూ రాయండి: ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత శాతం, ఎవరితో, ఎందుకు మొదలైంది, పొద్దున ఎలా ఉంది. ఆ రెండు వారాలూ తగ్గించకపోయినా ఫర్వాలేదు, రాయడం మాత్రం ఆపకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది, మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తాగుడు హాని చేసే స్థాయికి చేరినట్టు. 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మందుకు బానిసైపోయి ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు, అప్పుడు సొంత ప్రయత్నం కాకుండా వైద్యుడి పర్యవేక్షణలోనే తగ్గించాలి. పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళి లివర్ పరీక్షలతోపాటు పొట్ట స్కాన్ కూడా చేయించమని అడగండి. రక్తపరీక్ష మామూలుగా ఉందని ధీమా పడవద్దు, లివర్ గట్టిపడ్డవాళ్ళలో కూడా కొన్నిసార్లు ఆ అంకెలు మామూలుగానే ఉంటాయి. లివర్‌లో కొవ్వు పేరుకున్న దశలోనే దొరికితే, మందు పూర్తిగా ఆపిన కొన్ని వారాల్లో అది చాలావరకు వెనక్కి వస్తుంది. స్కాన్‌లో ఏం వచ్చిందో, రెండు వారాల లెక్క ఎంతైందో రాయండి, దాన్ని చూసి తాగని రోజులు ఎలా పెంచాలో చెబుతాను. ఈలోగా చేతులు వణికితే రాయడం కోసం ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.